చెరసాల తాళములు ఎవరి చేతికి? – జాన్ హోవర్డ్ జీవితము



మన పావగడ తాలూకా తుమకూరు జిల్లాలోనిదే అయినా మూడు వైపులా ఆంధ్ర పల్లెలే చుట్టుకొని ఉన్నాయి. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడము. వాన పడితే వేరుసెనగ, పడకపోతే బెంగళూరు బస్సు. తిరుమణి వైపు సౌర విద్యుత్ పార్కు వచ్చి ఎన్నో వేల ఎకరాలు కౌలుకు వెళ్ళాయి. ఇలా ఊరు విడిచి పట్టణములలో స్థిరపడిన మన కుటుంబములలో చదువుకున్న పిల్లలు ఇప్పుడు ప్రభుత్వ ఉద్యోగముల కొరకు దరఖాస్తులు పెడుతున్నారు. వాటిలో పోలీసు ఉద్యోగముతో పాటు జైలు వార్డరు ఉద్యోగము కూడా ఉంటుంది. అప్పుడు ఇంట్లో రెండు ప్రశ్నలు పుడతాయి. విశ్వాసి జైలులో ఉద్యోగము చేయవచ్చునా? ఆ ఉద్యోగము కొరకు ఎవరికైనా కొంత ముట్టచెప్పవలసివస్తే ఏమి చేయాలి?

ఈ రెండు ప్రశ్నలకు తన జీవితమంతటితో జవాబు చెప్పిన ఒక భక్తుని చరిత్రను ఈ సంచికలో తెలుసుకొందాము. ఆయన పేరు జాన్ హోవర్డ్. చెరసాలకు ఎటువంటి మనిషిని అధికారిగా పెట్టాలి అనే విషయమును ఊరూరా తిరిగి, లెక్కలు వ్రాసి, ప్రభుత్వముల ముందు పెట్టిన తొలి మనుష్యులలో ఆయన ముఖ్యుడు.

బాల్యము, యౌవనము

హోవర్డ్ 1726 సెప్టెంబరు 2వ తేదీన లండనులో జన్మించారు. తండ్రి వ్యాపారములో బాగా గడించినవాడు, దైవభక్తి విషయములో కఠినమైనవాడు. తల్లి చిన్నతనములోనే చనిపోయింది. బెడ్‌ఫర్డ్ దగ్గర కార్డింగ్టన్ అనే పల్లెలో ఆయన పెరిగారు. చదువులో గొప్పవాడు కాదు, శరీరము కూడా బలహీనమే. కొంతకాలము ఒక కిరాణా టోకు వ్యాపారి వద్ద పని నేర్చుకున్నారు. 1742లో తండ్రి చనిపోగా ఆస్తి చేతికి వచ్చింది. ఆ ఆస్తితో సుఖముగా కాలము గడపడానికి ఆయనకు ఏ అడ్డూ లేదు.

ఒకసారి తీవ్రముగా జబ్బుపడినప్పుడు ఇంటి యజమానురాలు ఆయనకు సేవచేసి బ్రతికించింది. తనకంటె పాతికేళ్ళకు పైగా పెద్దదైన ఆమెనే కృతజ్ఞతతో వివాహము చేసుకున్నారు. 1755లో ఆమె కన్నుమూసింది. అదే సంవత్సరము నవంబరు 1న పోర్చుగల్ దేశములోని లిస్బన్ నగరము భూకంపములో కూలిపోయింది. అక్కడి బాధితులను చూడాలని హోవర్డ్ ఓడ ఎక్కారు. ఆ రోజులలో ఇంగ్లాండుకు, ఫ్రాన్సుకు వైరము. దారిలో ఫ్రెంచివారు ఆ ఓడను పట్టుకొని, అందులో ఉన్నవారందరినీ బ్రెస్ట్ పట్టణములో చెరలో వేశారు. తడి నేల, గడ్డి పరుపు, ఆకలి, దాహము. ఇంట్లో నౌకర్లను ఉంచుకున్న ధనవంతుడు ఒక రొట్టెముక్క కొరకు ఎదురు చూడవలసివచ్చింది. విడుదలై ఇంటికి వచ్చాక ఆయన ఊరుకోలేదు. ఇంకా అక్కడే ఉన్న తోటి బందీల కొరకు లండనులోని అధికారులను కలిసి, వారి విషయము పట్టించుకొనేలా చేశారు.

1758లో హెన్రియెట్టా అనే భక్తురాలిని వివాహము చేసుకున్నారు. భార్యాభర్తలిద్దరూ కార్డింగ్టన్‌లో పేదలకు మంచి ఇండ్లు కట్టించారు, పిల్లలకు బడులు పెట్టారు. 1765లో కుమారుడు పుట్టిన కొద్ది రోజులకే ఆమె చనిపోయింది. ఆ దుఃఖము ఆయనను జీవితాంతము విడువలేదు.

బనియన్ ఉన్న చెరసాల

హోవర్డ్ బాప్టిస్టు కాదు. ఆయన ఇండిపెండెంట్ సంఘస్థుడు. 1772లో బెడ్‌ఫర్డ్ సంఘములో శిశు బాప్తిస్మము గూర్చి భేదము వచ్చినప్పుడు శిశు బాప్తిస్మమును సమర్థించినవారి వైపే వెళ్ళారు. అయినా లండనుకు వచ్చినప్పుడు లిటిల్ వైల్డ్ వీధిలోని బాప్టిస్టు మందిరములో పాస్టరు శామ్యూల్ స్టెన్నెట్ ప్రసంగములు వినేవారు. ఇద్దరూ మంచి స్నేహితులు. హోవర్డ్ మరణించినప్పుడు జ్ఞాపకార్థ ప్రసంగము చేసినది ఆ బాప్టిస్టు పాస్టరే. సిద్ధాంతములో తేడా ఉన్నా ప్రేమలో తేడా రానీయని స్నేహము అది.

1773లో హోవర్డ్‌ను బెడ్‌ఫర్డ్ జిల్లాకు హై షెరీఫ్‌గా నియమించారు. ఆనాటి చట్టము ప్రకారము ప్రభుత్వ సంఘమునకు చెందనివారు ఇట్టి పదవి చేపట్టడము ప్రమాదకరము. ఎవరైనా కేసు వేస్తే పెద్ద జరిమానా పడుతుంది. తెలిసే ఆయన ఒప్పుకున్నారు. షెరీఫ్‌కు జిల్లా చెరసాల మీద అధికారము ఉంటుంది. అయితే అంతవరకు వచ్చిన షెరీఫ్‌లలో చాలామంది విందులకు, కోర్టు ఊరేగింపులకు హాజరై, చెరసాల పని క్రింది వారికి వదిలేసేవారు. హోవర్డ్ స్వయముగా లోపలికి వెళ్ళి చూశారు.

అది మన బాప్టిస్టులకు బాగా తెలిసిన చెరసాల. యాత్రికుని ప్రయాణము వ్రాసిన జాన్ బనియన్, సువార్త ప్రకటించినందుకు 1660 నుండి 1672 వరకు పన్నెండేండ్లు బెడ్‌ఫర్డ్ జిల్లా చెరసాలలోనే ఉన్నారు. నూరేండ్ల తరువాత అదే చోట హోవర్డ్ ఒక వింత చూశారు. కోర్టు నిర్దోషులని తీర్పు ఇచ్చినవారు, అసలు కేసే నిలువనివారు మళ్ళీ లోపలికే వస్తున్నారు. కారణము, జైలరుకు చెల్లించవలసిన ఫీజు వారి దగ్గర లేదు. జైలరుకు పదిహేను షిల్లింగుల నాలుగు పెన్నీలు, తాళాలవానికి రెండు షిల్లింగులు ఇస్తేనే తలుపు తెరుచుకుంటుంది. పేదవాడు ఆ డబ్బు తేలేక నెలల తరబడి లోపలే ఉండిపోతాడు.

జైలరు చెడ్డవాడు కాబట్టి ఇలా జరుగుతున్నదని హోవర్డ్ సరిపెట్టుకోలేదు. ఆ జైలరుకు జీతము లేదు. ఖైదీ నుండి పిండుకొన్నదే అతని జీవనము. అందుచేత ఫీజులు తీసివేసి జైలరుకు జీతము ఇవ్వాలని ఆయన జిల్లా న్యాయాధికారులను కోరారు. ఇంతకు ముందు మరెక్కడైనా ఇలా చేసిన జిల్లా ఉంటే చూపమని వారు అడిగారు. సరే అని ఆయన గుర్రమెక్కి పొరుగు జిల్లాలకు బయలుదేరారు. అటువంటి జిల్లా ఒక్కటీ దొరకలేదు. వెళ్ళినచోటల్లా అంతకంటె ఘోరమైన చెరసాలలే కనబడ్డాయి. ఒక్క జిల్లాలో జీతము కొరకు మొదలైన ప్రయాణము అలా జీవితకాలపు ప్రయాణమైంది.

కొనుక్కున్న ఉద్యోగము

ఆ కాలములో చెరసాల అధికారి పదవి చాలాచోట్ల ఒక వ్యాపారము. లండనులోని ఫ్లీట్ అనే అప్పులవారి జైలు సంగతి చూడండి. 1728లో థామస్ బాంబ్రిడ్జ్ అనే మనిషి దాని వార్డెన్ పదవిని అంతకు ముందున్నవాని దగ్గర అయిదు వేల పౌండ్లకు కొనుక్కున్నాడు. పెట్టిన సొమ్ము ఎక్కడ రాబట్టుకోవాలి? ఖైదీల దగ్గరే. డబ్బు ఇచ్చినవానికి మంచి గది, ఇవ్వలేనివానికి సంకెళ్ళు. రాబర్ట్ కాస్టెల్ అనే వాస్తుశిల్పి అడిగినంత ఇవ్వలేకపోగా, మశూచి ఉన్న ఇంట్లో అతనిని పెట్టారు. అతడు ఆ రోగముతోనే చనిపోయాడు. అతని స్నేహితుడు ఓగల్‌తోర్ప్ పార్లమెంటులో ఆ విషయము లేవదీయగా 1729లో విచారణ జరిగింది. అయినా ఫీజుల పద్ధతి పోలేదు. బాంబ్రిడ్జ్ పోయాడు, వాని వంటివారిని తయారుచేసే పద్ధతి మాత్రము అలాగే నిలిచింది.

హోవర్డ్ తిరిగిన కాలములో అనేక చెరసాలలలో జైలరే లోపల సారా దుకాణము నడిపేవాడు. ఖైదీ ఎంత త్రాగితే జైలరుకు అంత లాభము. సంకెళ్ళు వదులు చేయడానికి ఒక రేటు, పరుపుకు ఒక రేటు. గాలి, వెలుతురు లేని గదులలో జైలు జ్వరము వ్యాపించి, దేశమంతటా ఉరితీయబడినవారికంటె ఆ జ్వరముతో చచ్చినవారే ఎక్కువని హోవర్డ్ గ్రహించారు.

ఆయన పని చేసే తీరు చాలా సామాన్యమైనది. ముందుగా చెప్పకుండా వెళ్ళేవారు. గదులను కొలిచేవారు, ఖైదీకి ఇచ్చే రొట్టెను తూచేవారు. జైలరుకు జీతమెంత, ఫీజులెంత, సారా అమ్మే అనుమతి ఉన్నదా, పాస్టరు వస్తున్నాడా, వైద్యుడు ఉన్నాడా, ఖైదీలు ఎందరు అని ప్రతి చెరసాలకు ఒక పట్టీ వ్రాసుకునేవారు. ఆ కంపు ఆయన బట్టలకు ఎంతగా పట్టేదంటే మూసిన బండిలో కూర్చోలేక గుర్రము మీదనే వెళ్ళేవారు. వ్రాసుకున్న పుస్తకమును కూడా నిప్పు దగ్గర కాచి తరువాత విప్పవలసివచ్చేది.

1774 మార్చిలో పార్లమెంటు ఆయనను పిలిచి సాక్ష్యము విని, కృతజ్ఞతలు తెలిపింది. ఆ ఏడాదే రెండు చట్టములు వచ్చాయి. నిర్దోషియని తేలినవానిని ఫీజు అడుగకుండా విడిచిపెట్టాలన్నది ఒకటి. గోడలకు సున్నము వేయాలి, గాలి వచ్చేలా చేయాలి, రోగులకు వేరే గదులు, వైద్యుడు ఉండాలన్నది రెండవది. చట్టము కాగితము మీదే ఉండిపోతుందని ఆయనకు తెలుసు. తన ఖర్చుతో వాటిని అచ్చు వేయించి చెరసాలలకు పంపించి, తరువాత మళ్ళీ వెళ్ళి అమలు జరుగుతున్నదో లేదో చూశారు.

ఎటువంటి మనిషి కావాలి?

1777లో ఇంగ్లాండు, వేల్సు చెరసాలల పరిస్థితి మీద ఆయన గ్రంథము వెలువడింది. కొనేవారికి భారము కాకూడదని ఖర్చుకంటె తక్కువ ధరకే అమ్మించారు. అందులో చెరసాల కట్టడము గూర్చి, నీటి గూర్చి, ఆహారము గూర్చి చాలా ఉన్నది. వాటన్నిటితో పాటు ఆయన గట్టిగా పట్టుబట్టినది జైలరు ఎంపిక. జైలరు నిజాయితీపరుడై ఉండాలి, చురుకైనవాడై ఉండాలి, దయగలవాడై ఉండాలి. ఈ మూడింటిలో ఒకటి తక్కువైనా పని చెడుతుంది. నిజాయితీ ఉండి చురుకు లేకపోతే తాళాలవాళ్ళదే రాజ్యము. చురుకు ఉండి దయ లేకపోతే అది క్రూరత్వము. దయ ఉండి నిజాయితీ లేకపోతే ఆ దయను డబ్బుకు అమ్ముకుంటాడు.

మనిషిని ఎంచుకుంటే సరిపోదని కూడా ఆయనకు తెలుసు. బాధ్యతకు తగిన జీతము ఇవ్వాలి. ఖైదీల దగ్గర ఏ లాభమూ తీసుకోకూడదు, మద్యము అమ్మకూడదు. చెరసాలలోనే నివసిస్తూ ప్రతిరోజూ గదులు తన కన్నులతో చూడాలి. తాళాలవాళ్ళు కూడా త్రాగనివారై ఉండాలి. వారందరి పైన తనిఖీ చేసే పెద్దమనుష్యులు ఉండాలి. మంచివానిని ఎంచుకొని ఆకలితో వదిలేస్తే అతడు చెడిపోతాడు. చెడ్డవానికి మంచి జీతము ఇచ్చినా అతడు మారడు. కనుక ఎంపిక, జీతము, తనిఖీ మూడూ కలిసి ఉండాలన్నది ఆయన నేర్పిన పాఠము.

ఈ మాటలు గాలికి పోలేదు. 1823లో ఇంగ్లాండులో వచ్చిన చట్టము జైలర్లకు జీతము ఏర్పరచి, స్త్రీ ఖైదీల మీద స్త్రీలనే కాపలా పెట్టాలని శాసించింది. మన దేశములో 1894 జైళ్ల చట్టము కూడా జైలు అధికారి ఎవ్వరూ ఖైదీకి ఏ వస్తువూ అమ్మకూడదని, ఖైదీతో డబ్బు వ్యవహారము పెట్టుకోకూడదని, జైలరు జైలులోనే కాపురముండాలని చెప్పింది. ఆ నిబంధనలు చదివితే బెడ్‌ఫర్డ్ షెరీఫ్ పట్టీ గుర్తుకు వస్తుంది.

ప్రయాణములు, ఇంటి దుఃఖము

హోవర్డ్ ఇంగ్లాండుతో ఆగలేదు. హాలెండు, జర్మనీ, ఫ్రాన్సు, ఇటలీ, రష్యా వరకు తిరిగారు. 1783 నాటికి 42 వేల మైళ్ళకు పైగా ప్రయాణము చేసినట్లు ఆయన లెక్క. రైలు లేని కాలమది. ప్యారిస్‌లో చెరసాలలోకి రానీయకపోతే ఆ దేశపు పాత చట్టములు చదివి, ఖైదీలకు భిక్ష ఇచ్చేవానిని ఆపకూడదనే నియమమును పట్టుకొని లోపలికి వెళ్ళారు. మాంసము, మద్యము ముట్టక, టీ, రొట్టె, పండ్లతో గడిపేవారు. 1777లో సహోదరి చనిపోయి ఆమె ఆస్తి వస్తే దానినీ ఈ పనికే ఖర్చుపెట్టారు. 1786లో ప్రజలు చందాలు వేసుకొని ఆయనకు విగ్రహము పెట్టాలనుకున్నప్పుడు, వియన్నా నుండి ఉత్తరము వ్రాసి ఆపమని బ్రతిమాలారు.

ఈ గొప్ప జీవితములో ఒక గాయము కూడా ఉన్నది. తల్లి లేని కుమారుడు ఇతరుల చేతులలో పెరిగాడు. యౌవనములో దారి తప్పి, తరువాత మతి చలించి, తండ్రి పోయిన తొమ్మిదేండ్లకు 1799లో పిచ్చాసుపత్రిలోనే చనిపోయాడు. తండ్రి ఎడబాటే దీనికి కారణమని తీర్పు చెప్పే అధికారము మనకు లేదు. కాని పని కొరకు ఇల్లు విడిచి తిరిగే మన వలస కుటుంబములు ఈ పుటను కూడా చదవాలి.

చివరి దినములలో ఆయన మనస్సు ప్లేగు వ్యాధి మీదికి మళ్ళింది. రోగుల ఓడలను నిలిపివుంచే స్థలములను లోపలి నుండి చూడాలని, అనుమానపు ఓడలోనే కావాలని ఎక్కి, వెనిస్‌లో వారముల తరబడి నిర్బంధములో ఉన్నారు. 1789లో ఆ విషయముపై మరొక గ్రంథము ప్రచురించి మళ్ళీ రష్యా బయలుదేరారు. ఇప్పుడు ఉక్రెయిన్‌లో ఉన్న ఖెర్సన్ పట్టణములో జ్వరముతో ఉన్న ఒక యువతిని చూడడానికి వెళ్ళి, తానూ జ్వరము తగిలి 1790 జనవరి 20న ప్రభువునందు నిద్రించారు. సమాధి మీద ఆర్భాటము వద్దు, ఒక నీడ గడియారము పెడితే చాలునని కోరారు. లండనులోని సెయింట్ పాల్ మహామందిరములో ప్రతిష్ఠించిన మొట్టమొదటి విగ్రహము ఆయనదే. బ్రతికి ఉండగా వద్దన్నది, పోయాక ఆపలేకపోయారు.

మన కాలము, మన పిల్లలు

బర్మా దేశమునకు వెళ్ళిన మన బాప్టిస్టు మిషనరీ అదోనిరాము జడ్సన్‌ను 1824 జూన్‌లో ఆవా నగరపు చెరసాలలో వేశారు. అక్కడ కాపలావారు స్వయముగా నేరస్థులే. చెంపల మీద ముద్రలు వేసి, వారినే కాపలాకు పెట్టారు. ఆయన భార్య ఆన్ ప్రతి చిన్న దయకూ వారికి కానుకలు ఇచ్చుకోవలసివచ్చింది. హోవర్డ్ పోయి ముప్పది నాలుగేండ్లయినా లోకములో ఆయన పాఠము అందరికీ చేరలేదనడానికి ఇది సాక్ష్యము.

ఇప్పుడైనా చేరిందా? 2015 జనవరిలో న్యూయార్క్ నగరపు పరిశోధనా విభాగము, తమ నగర జైళ్లకు కొత్తగా తీసుకున్న 153 మంది అధికారుల దరఖాస్తులు మళ్ళీ తెరిచి చూసింది. మూడవ వంతుకు పైగా దరఖాస్తులలో, ఉద్యోగము ఇవ్వకముందే ఆగి విచారించవలసిన విషయములు కనబడ్డాయి. పోలీసుశాఖ వద్దన్నవారిని కూడా జైలుకు తీసుకున్నారు. 2017లో మన బెంగళూరు పరప్పన అగ్రహార జైలులో డబ్బున్నవారికి ప్రత్యేక వసతులు దొరుకుతున్నాయని జైళ్ల శాఖలోని ఒక ఉన్నత అధికారిణి నివేదిక ఇచ్చారు. ఆ వార్త చదివినవారికి ఫ్లీట్ జైలు దూరముగా అనిపించదు.

మన ప్రజలకు మరొక సంగతి కూడా ముఖ్యము. జైలులో ఎవరు ఊడ్చాలి, ఎవరు వండాలి అనేది కులమును బట్టి నిర్ణయించే నియమములు అనేక రాష్ట్రముల జైలు మాన్యువళ్లలో ఉండేవి. 2024 అక్టోబరు 3న సుప్రీంకోర్టు వాటిని కొట్టివేసింది. కోర్టు తీర్పు ఇవ్వగలదు. కాని ఉదయము ఆరు గంటలకు గదుల తలుపులు తెరిచి, ఎవరి చేతికి చీపురు ఇవ్వాలో చెప్పేది వార్డరే. ఆ వార్డరు మనస్సులో కులము ఉంటే తీర్పు గోడ బయటనే నిలిచిపోతుంది.

అందుచేత మొదటి ప్రశ్నకు జవాబు, విశ్వాసి ఈ ఉద్యోగము చేయవచ్చును. చేయడము అవసరము కూడా. యోసేపును కాపాడిన చెరసాల అధిపతిని తలంచుకోండి (ఆది. 39వ అధ్యాయము). ఫిలిప్పీలో పౌలు సీలల కాళ్ళకు బొండ వేసిన నాయకుడే, ప్రభువును నమ్మిన ఆ రాత్రియే వారి గాయములు కడిగాడు (అపొ. కా. 16వ అధ్యాయము). వాక్యము అతనిని ఆ ఉద్యోగము మానినట్లు చూపలేదు. అవే చేతులు, అదే చెరసాల, పని చేసే తీరు మాత్రము మారింది.

రెండవ ప్రశ్నకు జవాబు బాంబ్రిడ్జ్ కథలో ఉన్నది. డబ్బు పెట్టి సంపాదించిన ఉద్యోగము అప్పుతో మొదలవుతుంది. ఆ అప్పు తీర్చేది చివరకు లోపల ఉన్న పేదవాడే, బయట పండ్ల సంచితో నిలుచున్న అతని తల్లియే. ఆ తల్లి మన పల్లె నుండి వచ్చినదై ఉండవచ్చును. కనుక పొలము అమ్మి, నగలు తాకట్టు పెట్టి దళారులకు ఇవ్వవద్దు. వ్రాత పరీక్షకు చదవండి, దేహదారుఢ్యమునకు తెల్లవారుజామున పరుగెత్తండి, పోలీసు విచారణకు వచ్చినప్పుడు దాచవలసినదేమీ లేని జీవితము జీవించండి. ప్రభుత్వము మార్కులు చూస్తుంది, ఎత్తు కొలుస్తుంది. దయను కొలిచే టేపు ఏ ఆఫీసులోను లేదు. ఆ పరీక్ష ఇంట్లో తల్లిదండ్రులు, ఆదివారపు బడిలో ఉపాధ్యాయులు, సంఘములో పెద్దలు పెట్టవలసినదే. తనకంటె బలహీనుని మీద అధికారము దొరికినప్పుడు ఈ పిల్లవాడు ఎలా ప్రవర్తిస్తాడు? తమ్ముని మీద, పనివాని మీద, వీధి కుక్క మీద అతని చెయ్యి ఎలా లేస్తుంది? దీనికి జవాబు మనకు తెలుసు. తెలిసి దాచి సిఫారసు ఉత్తరము ఇవ్వకూడదు.

జైలు ఉద్యోగములో ఇప్పటికే ఉన్న మన సంఘ సభ్యుల కొరకు, చెరలో ఉన్నవారి కొరకు, వారి ఇండ్లవారి కొరకు మన కుటుంబ ప్రార్థనలలో ప్రార్థించుదము. తాళములు ఎవరి చేతిలో ఉన్నా, ఆ చేతులను ప్రభువు శుద్ధిగా కాపాడును గాక. ఆమేన్.